మార్చి వాతావరణ అంచనాను మిర్చి కల్లం దాకా తెచ్చుకోవడం ఎలా

ఏటా ఫిబ్రవరి నెలాఖరులో భారత వాతావరణ విభాగం, అంటే మనందరి నోట్లో నలిగే ఐఎండీ, మార్చి నుంచి మే దాకా దేశమంతటికీ ఎండలు, వానల అంచనా విడుదల చేస్తుంది. ఆ సాయంత్రానికే టీవీల్లో ‘ఈసారి ఎండలు దంచేస్తాయి’ అని స్క్రోలింగ్ మొదలవుతుంది. అప్పటికి గుంటూరు, పల్నాడు కల్లాల్లో ఒక కోత కాయ ఎండుతూ ఉంటుంది, తర్వాతి కోత ఇంకా చేలోనే ఉంటుంది. ఎండలు ఎక్కువన్నారు కదా అని కాయ మీద కప్పే పట్టాలు (టార్పాలిన్లు) తెచ్చుకోవడం వాయిదా వేసేవాళ్లు కొందరు. వానలు ఎక్కువన్నారని సగం ఎండిన కాయను వచ్చిన ధరకు తెగనమ్ముకునేవాళ్లు మరికొందరు. నిజానికి ఆ కాగితంలో ఈ రెండు మాటలూ ఉండవు. మూడు నెలల అంచనా ఏర్పాట్లకు పనికొస్తుంది. ఎన్ని పట్టాలు, ఎందరు కూలీలు, కోల్డ్ స్టోరేజీలో ఎంత చోటు అన్నది దాన్ని చూసి తేల్చుకోవచ్చు. ఏ రోజు కాయ పరవాలో, ఏ పూట కప్పాలో తేల్చడానికి వేరే కాగితాలున్నాయి. దేశం అంచనా నుంచి మన కల్లం దాకా వాటన్నిటినీ మెట్టు మెట్టుగా దిగడం నేర్చుకుంటే చాలు.

ముందు అసలు కాగితం చూడండి

వార్తాపత్రికలో వచ్చే ముక్క కాకుండా ఐఎండీ వెబ్‌సైటులో పెట్టే పూర్తి ప్రకటన దించుకోండి. అందులో పటాలు వరసగా ఉంటాయి: గరిష్ఠ ఉష్ణోగ్రత, కనిష్ఠ ఉష్ణోగ్రత, వడగాలుల రోజులు, వర్షపాతం. ఉష్ణోగ్రతలకు మార్చి నెలకు ఒకటి, మూడు నెలలకు కలిపి ఒకటి విడివిడిగా ఇస్తారు. మొదటి పొరపాటు ఇక్కడే జరుగుతుంది. మూడు నెలల పటంలో కోస్తా ఎర్రగా కనిపించినంత మాత్రాన మార్చి పటంలో కూడా ఎర్రగా ఉండాలని లేదు. ఆ ఎరుపు ఏప్రిల్, మే నెలల పుణ్యం కావచ్చు. కల్లం ఉన్నవాళ్లకు కావలసింది మార్చి పటం. మార్చి ఆఖరున మళ్లీ ఏప్రిల్ అంచనా వస్తుంది, దాన్నీ అలాగే విడిగా చూడాలి.

ఐఎండీ లెక్కలో వసంతం అనే కాలం లేదు. జనవరి, ఫిబ్రవరి శీతాకాలం. మార్చి నుంచి మే ఎండాకాలం. శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోతుందని మనమనుకునే రోజులు, ఉగాది పచ్చడి తినే రోజులు అన్నీ ఈ రెండో గంపలోనే పడతాయి.

దేశాన్ని ఐఎండీ 36 వాతావరణ ఉపవిభాగాలుగా చూస్తుంది. మనది ‘కోస్తా ఆంధ్రప్రదేశ్, యానాం’. శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా ఒకే ఉపవిభాగం కాబట్టి దేశ పటంలో మన జిల్లాను వెతుక్కోవడం దండగ. అమరావతి వాతావరణ కేంద్రం ఇచ్చే తెలుగు బులెటిన్‌లో దీన్ని ఉత్తర కోస్తా, దక్షిణ కోస్తాగా విడగొడతారు. గుంటూరు దక్షిణ కోస్తా కిందికి వస్తుంది. రోజువారీ పనికి ఆ బులెటినే ఆధారం.

రంగు వెనకున్న శాతం

పటంలో ప్రతి రంగూ ఒక సంభావ్యత. గడిచిన ఏళ్ల మార్చి నెలలను వరసగా పేర్చి మూడు సమాన భాగాలు చేస్తారు: సాధారణం కంటే తక్కువ, సాధారణం, సాధారణం కంటే ఎక్కువ. ఏ అంచనా లేకపోయినా ఒక్కో భాగానికి 33 శాతం అవకాశం ఎప్పుడూ ఉంటుంది. అందుకే శాతాన్ని సున్నా నుంచి కాక 33 నుంచి కొలవాలి. ‘సాధారణం కంటే ఎక్కువ, 40 శాతం’ అంటే ఊరికే ఉండే అవకాశం కంటే 7 పాళ్లు ఎక్కువ అన్నమాట, మిగిలిన 60 శాతం ఇంకా అవతలి వైపే ఉంది. 60 శాతం చూపిస్తే అది బలమైన సూచన. భూభాగం మీద తెల్లగా వదిలేసిన చోటును చాలామంది ‘సాధారణంగా ఉంటుంది’ అని చదువుతారు. అది తప్పు. మూడిటికీ సమాన అవకాశం ఉంది, మోడళ్లు ఎటూ తేల్చలేదని దాని అర్థం. వాన పటంలో మన కోస్తా తెల్లగా ఉంటే చేతిలో ఏ సమాచారమూ లేనట్లే లెక్కేసుకుని ఎప్పటిలా ఏర్పాట్లు చేసుకోవాలి.

ఎండ పటం చూసి బెంబేలెత్తేముందు ఇంకో సంగతి. 2022 మార్చి 1901 నుంచి ఉన్న రికార్డుల్లో దేశానికి అత్యంత వేడి మార్చి. ఆ నెల దేశ సగటు గరిష్ఠ ఉష్ణోగ్రత 33.10 డిగ్రీలు. రికార్డు బద్దలైన ఆ నెలలో కూడా సగటున పెరిగింది 2 డిగ్రీల లోపే. కాబట్టి ‘సాధారణం కంటే ఎక్కువ’ అన్న మాటకు రోజూ నాలుగైదు డిగ్రీలు పెరుగుతుందని అర్థం చెప్పుకోకూడదు. విజయవాడలో మార్చి సగటు పగటి ఎండ 35 డిగ్రీలకు అటూ ఇటూగా ఉంటుంది. నెల సగటులో ఒక డిగ్రీ తేడా వస్తే కాయ ఒక రోజు ముందు ఎండుతుందేమో గానీ కల్లం పద్ధతి మారదు. పద్ధతి మార్చేది ఒక్క సాయంత్రపు వాన. ఆ వాన గురించి నెల సగటు ఏమీ చెప్పదు.

వాన అంకె చేసే మోసం

మార్చి నెలకు దేశ సగటు వర్షపాతం, 1971 నుంచి 2020 వరకు లెక్కతో, 29.9 మిల్లీమీటర్లు. అందులో 83 నుంచి 117 శాతం మధ్య పడితే సాధారణం అంటారు. ఈ 29.9లో పెద్ద వాటా పశ్చిమ అలజడుల (మధ్యధరా వైపు నుంచి వచ్చే వాన వ్యవస్థల) వల్ల కశ్మీర్, హిమాచల్, ఉత్తరాఖండ్ కొండల్లో పడేది, ఈశాన్యంలో పడేది. ‘మార్చిలో దేశమంతా వాన ఎక్కువ’ అన్న శీర్షికకు మన కల్లంతో ఏ సంబంధమూ లేకపోవచ్చు. తక్కువన్నా అంతే.

2023 చూడండి. ఆ ఫిబ్రవరి దేశానికి రికార్డు వేడి ఫిబ్రవరి. నెలాఖరు ప్రకటనలో మార్చి వాన దేశం మొత్తం మీద సాధారణ పరిధిలోనే ఉండొచ్చన్నారు. మార్చి మూడో వారంలో తెలుగు రాష్ట్రాల్లో ఉరుములు, వడగళ్లతో అకాల వానలు పడి మిర్చి, మొక్కజొన్న, అరటి దెబ్బతిన్నాయి. నెల ముగిసేసరికి దేశ సగటు 37.6 మిల్లీమీటర్లు, అంటే 26 శాతం ఎక్కువ. అంతకు ముందు ఏడు, 2022 మార్చిలో, దేశానికి పడింది 8.9 మిల్లీమీటర్లే. ఎండలు మండిన ఫిబ్రవరి తర్వాత మార్చి పొడిగానే ఉంటుందన్న నమ్మకం కల్లాల్లో గట్టిగా ఉంది. దానికి ఆధారం లేదు. నేల కాగి ఉండడం ఉరుముల మబ్బుకు ఇంధనమే. బంగాళాఖాతం మీది అధికపీడనం నుంచి తేమగాలి వచ్చి, విదర్భ నుంచి కర్ణాటక మీదుగా దక్షిణానికి ద్రోణి (పొడవాటి అల్పపీడన పట్టీ) ఏర్పడితే ఆ వేడే మధ్యాహ్నానికి మబ్బును పైకి లేపుతుంది.

శాతాల్లో ఇంకో చిక్కుంది. కోస్తాలో మార్చి సాధారణ వర్షపాతమే చాలా తక్కువ. ఒక్క గంట జడివాన పడితే చాలు, జిల్లా ‘అధికం’ జాబితాలోకి పోతుంది. సరిగా పడకపోతే ‘తీవ్ర లోటు’, అంటే 60 శాతానికి మించిన తక్కువ. ఈ నెలలో శాతాలు వదిలేసి మిల్లీమీటర్లు చూడండి. ఒక మిల్లీమీటరు అంటే చదరపు మీటరుకు ఒక లీటరు. సెంటు సుమారు 40 చదరపు మీటర్లు కాబట్టి 15 మిల్లీమీటర్ల వాన పడితే సెంటుకు 600 లీటర్లు, పది సెంట్ల కల్లం మీద 6,000 లీటర్లు. ఐఎండీ భాషలో అది ‘తేలికపాటి వర్షం’. 2.5 నుంచి 15.5 మిల్లీమీటర్ల దాకా తేలికపాటి, 64.4 దాకా మోస్తరు, ఆపైన భారీ. తేలికపాటి అన్నారని పట్టా తీయకుండా కూర్చుంటే కాయ ఈదుతుంది.

ఎల్ నినో, లా నినా పేరా కూడా ప్రకటనలో ఉంటుంది. పసిఫిక్ సముద్రం నడుమ నినో 3.4 అనే ప్రాంతపు నీరు సాధారణం కంటే 0.5 డిగ్రీలు వేడెక్కిందా (ఎల్ నినో), చల్లబడిందా (లా నినా) అన్న లెక్క అది. మార్చి కల్లానికి దానితో పని లేదు. ఖరీఫ్ కోసం చదివేవాళ్లు కూడా వసంతానికి ముందు వేసే పసిఫిక్ అంచనాలు తరచూ గురి తప్పుతాయని గుర్తుంచుకుని, ఏప్రిల్ నడుమ వచ్చే రుతుపవనాల తొలి అంచనా దాకా ఆగడం మేలు.

రాత్రి ఉష్ణోగ్రత పటం

దీన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ. ఫిబ్రవరి ఆఖరు, మార్చి మొదటి పక్షంలో కాయ రంగు పోవడానికి వాన కంటే ఎక్కువసార్లు కారణమయ్యేది మంచు. పగలు ఎండిన కాయ రాత్రి మంచుకు మెత్తబడి, తెల్లారి మళ్లీ ఎండి, ఇలా నాలుగైదు సార్లు జరిగితే ఎరుపు తగ్గి మచ్చ పడుతుంది. కనిష్ఠం సాధారణం కంటే ఎక్కువ ఉంటుందని పటం చెప్పినా మంచు పడదని ధీమా వద్దు. మబ్బు లేని ఆకాశం, గాలి ఆడని రాత్రి, సముద్రం వైపు తేమ మూడూ కలిస్తే మంచు దిగుతుంది. అందుకే తెనాలి, బాపట్ల వైపు కల్లాలకు మాచర్ల వైపు కంటే ఈ బెడద ఎక్కువ. సాయంత్రం 5 గంటలకల్లా కాయను రాశికి లాగి కప్పాలి. పొద్దున పట్టా మీద తడి ఆరాకే, అంటే 8 గంటలు దాటాక, తీయాలి. ముందే తీస్తే పట్టా మీది నీరు కాయ మీదకే కారుతుంది.

మెట్లు దిగడం

నెల అంచనా తర్వాతి మెట్టు రెండు వారాలది. ప్రతి గురువారం ఐఎండీ విస్తరిత అంచనా ఇస్తుంది. మొదటి వారం మీద నమ్మకం పెట్టుకోవచ్చు, రెండో వారం దిశ మాత్రమే చూపుతుంది. కోతకు కూలీలను మాట్లాడేది దీన్ని చూసే. వచ్చే వారం కోస్తాలో వాన సాధారణం కంటే ఎక్కువ అని ఉంటే, చేలో పండిన కాయను రెండు రోజులు ముందు కోయాలా, వాన దాటనివ్వాలా అన్నది కల్లంలో ఖాళీని బట్టి తేల్చుకోండి. కల్లం నిండా సగం ఎండిన కాయ ఉంటే కొత్త కోత పెట్టుకోకండి. చెట్టు మీద తడిసిన కాయ గాలికి ఆరుతుంది. కోసి రాశిలో తడిపిన పండుకాయ బూజు పట్టడానికి రెండు రోజులు చాలు.

మూడో మెట్టు జిల్లా స్థాయి ఐదు రోజుల అంచనా. మంగళ, శుక్రవారాల్లో దీనితోపాటు వ్యవసాయ సలహా కూడా వస్తుంది. మేఘదూత్ యాప్‌లో జిల్లా ఎంచుకుంటే తెలుగులోనే కనిపిస్తుంది. ఇక్కడ మాటలకు కచ్చితమైన కొలతలుంటాయి. ‘ఒకటి రెండు చోట్ల’ అంటే ఆ ప్రాంతంలోని కేంద్రాల్లో 25 శాతానికి మించకుండా, ‘కొన్నిచోట్ల’ అంటే 26 నుంచి 50 శాతం కేంద్రాల్లో వాన పడుతుందని. మార్చి ఉరుముల వానకు చాలావరకు ‘ఒకటి రెండు చోట్ల’ అనే రాస్తారు, మబ్బు అలా ముక్కలుగానే లేస్తుంది కాబట్టి. ఆ ఒకటి రెండు చోట్లలో మన ఊరు ఉండదులే అనుకోవడం మనుషుల సహజ గుణం.

దీనికో చిన్న లెక్క వేసుకోవచ్చు. కప్పడానికి కూలి, పట్టా అద్దె కలిపి 3,000 రూపాయలు అవుతుందనుకోండి. తడిస్తే రంగు పోయి ధరలో కోసేది 40,000 అనుకోండి. మూడు వేలను నలభై వేలతో భాగిస్తే ఏడున్నర శాతం. వాన అవకాశం ఏడున్నర శాతం దాటిన ప్రతి సాయంత్రం కప్పడమే లాభం. ‘ఒకటి రెండు చోట్ల’ అన్న మాట మామూలుగా ఆ గీత దాటే ఉంటుంది. మీ కూలి రేట్లు, మీ కాయ విలువ వేసుకుని మీ గీత మీరే గీసుకోండి. తేజా రకం కాయకు ఒక అంకె వస్తుంది, తాలుకు (రంగు పోయిన నాసి కాయకు) ఇంకో అంకె వస్తుంది.

ఐఎండీ ‘ఈ రోజు’ ఉదయం 8.30కి మొదలై మర్నాడు ఉదయం 8.30కి ముగుస్తుంది. వాన కొలత కూడా అంతే. ‘18వ తేదీ వాన’ అని ఉంటే 19 తెల్లవారుజామున పడేది కూడా అందులో భాగం కావచ్చు. 18 రాత్రి దాకా పడలేదు కదా అని పట్టా తీసి పడుకుంటే తెల్లారేసరికి కల్లం చెరువవుతుంది.

రంగుల హెచ్చరికల్లో ఆకుపచ్చ అంటే హెచ్చరిక లేదు, పసుపు అంటే గమనిస్తూ ఉండమని, నారింజ అంటే సిద్ధంగా ఉండమని, ఎరుపు అంటే వెంటనే కదలమని. కల్లానికి నారింజ దాకా ఆగక్కర్లేదు. ఈదురుగాలితో కూడిన పసుపు చాలు.

ఆఖరి మెట్టు మూడు గంటలది. మధ్యాహ్నం 1 నుంచి రాత్రి 8 దాకా మార్చిలో అసలు ప్రమాదమంతా ఈ వేళలోనే. మూడు గంటల తక్షణ అంచనాతోపాటు మచిలీపట్నం డాప్లర్ రాడార్ బొమ్మ చూడండి. విజయవాడ, గుంటూరు దాని నుంచి నేరుగా కొలిస్తే 60, 80 కిలోమీటర్ల మధ్యే ఉన్నాయి కాబట్టి బొమ్మ మనకు బాగా తేటగా పడుతుంది. బొమ్మ మీద టైము యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) అని ఉంటే 5.30 గంటలు కలుపుకోవాలి. ఇది మరిచి గంటల కిందటి మబ్బును ఇప్పటిదనుకునేవాళ్లు ఉన్నారు. పక్కనున్న రంగు కొలబద్దలో 40 దాటితే గట్టి వాన, 50 దాటితే వడగళ్లను అనుమానించాలి. మార్చిలో పైగాలి ఎక్కువగా పడమటి నుంచి వీస్తుంది కనుక మాచర్ల, పిడుగురాళ్ల మీద లేచిన మబ్బు సత్తెనపల్లి మీదుగా మన వైపు రావచ్చు. పది, పదిహేను నిమిషాల తేడాతో రెండు బొమ్మలు చూసి, మబ్బు అంచు ఎంత జరిగిందో కొలిస్తే వేగం తెలుస్తుంది. పావుగంటలో 8 కిలోమీటర్లు జరిగితే గంటకు 32. నలభై కిలోమీటర్ల దూరంలో ఉన్న మబ్బు గంటా పావులో మీ కల్లం మీద ఉంటుంది. ముందు గాలి వస్తుంది, తర్వాతే చినుకు. మబ్బు రాకముందే కప్పడం పూర్తి కావాలి. గాలిలో పట్టా పరవడం నలుగురికి కూడా చేతకాదు.

పట్టా, రాశి, బరువులు

సగం ఎండిన కాయను ఎత్తుగా పోయకండి, లోపల ఆవిరి పట్టి వేడెక్కుతుంది. 24×18 అడుగుల పట్టాకు సరిపోయే రాశి కొలత ఇది: అడుగున 9 అడుగుల వెడల్పు, 18 అడుగుల పొడవు, నడుమ గట్టు 3 అడుగుల ఎత్తు. వెడల్పు వైపు రెండు వాలులూ కలిపి 11 అడుగుల లోపే, అంచులకు రెండేసి అడుగులు మిగిల్చినా 15. పొడవు వైపు కొసల వాలులు, అంచులు కలిపితే దాదాపు 24 అవుతుంది. రాశి ఇంకో రెండడుగులు సాగదీస్తే కొసల దగ్గర అంచు చాలదు, తడిసేది ఆ కొసలే. గట్టు పైన గుండ్రంగా కాక ఇంటికప్పులా వాలుగా ఉండాలి. బల్లపరుపుగా ఉంటే పట్టా మీద నీరు గుంట కట్టి, ఆ బరువుకు సందుల్లోంచి లోపలికి దిగుతుంది.

పట్టా 250 జీఎస్ఎం (చదరపు మీటరుకు 250 గ్రాములు) ఉన్నది తీసుకోండి. పలుచటివి ఒక సీజనుకే ఎండకు పెళుసై అంచు రంధ్రాల దగ్గర చిరుగుతాయి. ఫిబ్రవరిలోనే పాత పట్టాలను ఎండకు అడ్డం పట్టి చూస్తే సూది రంధ్రాలు కనిపిస్తాయి.

బరువులకు రాళ్ల కంటే మట్టి నింపిన సిమెంటు సంచులు మేలు. గంటకు 50 కిలోమీటర్ల గాలి చదరపు మీటరుకు సుమారు 12 కిలోల ఒత్తిడి పెడుతుంది. ఈ పట్టా విస్తీర్ణం 40 చదరపు మీటర్లు. ఒక మూల లేచి గాలి కిందికి దూరిందంటే మొత్తం మీద 480 కిలోల దాకా లాగుతుంది. పట్టా చుట్టుకొలత 84 అడుగులు. మూడడుగులకో సంచి చొప్పున 28 సంచులు, ఒక్కోటి 17, 18 కిలోలు ఉంటే ఆ బలానికి సరిజోడు. పడమటి వైపు, నైరుతి మూల సంచుల మధ్య ఎడం ఇంకా తగ్గించండి, గాలి ముందు కొట్టేది అక్కడే. రాశి మీదుగా మూడు చోట్ల అడ్డంగా తాడు వేసి రెండు వైపులా మేకులకు కడితే పట్టా కొట్టుకోదు.

కింద పరిచే పట్టా వేరు. దాని అంచులు పై పట్టా లోపలికి మడిచి ఉండాలి. బయటికి ఉంటే పైనుంచి కారిన నీరు వాటి మీదుగానే రాశి కిందికి పోతుంది. కష్టపడి కప్పిన రాశి అడుగున ముద్దవడానికి చాలాసార్లు ఇదే కారణం. కల్లం చుట్టూ అడుగు వెడల్పు, అర అడుగు లోతు కాలవ తీసి పల్లానికి వదలాలి.

ఎండ మరీ ఎక్కువైతే

పండుకాయలో నీరు 70 శాతం అనుకుంటే 100 కిలోల్లో పొడిసరుకు 30 కిలోలే. 11 శాతం తేమకు ఎండాక తూకం 34 కిలోల లోపు. మిగతా 66 కిలోల నీరు మెల్లగా, సమానంగా పోవాలి. మార్చి ఆఖరుకు ఎండ ముదిరాక పలుచగా పరిచిన కాయ పైన తెల్లబారి, లోపల చెమ్మతో ఉండిపోతుంది. అంచనాలో పగటి ఎండ ఎక్కువని ఉన్నా, వడగాలుల హెచ్చరిక ఉన్నా పొర కాస్త మందంగా వేసి రెండు, మూడు గంటలకోసారి తిరగేయడమే మార్గం. 10, 11 శాతం దగ్గర ఆపాలి. గుప్పెట్లో కాయ తీసుకుని నొక్కి వదిలితే గలగలమంటూ మళ్లీ లేవాలి. నొక్కినచోటే పగిలితే అతిగా ఎండినట్టు, నొక్కినట్టే ఉండిపోతే ఇంకా చెమ్మ ఉన్నట్టు. అతిగా ఎండినదాన్ని టిక్కీలకు (మిర్చి బస్తాలకు) తొక్కేటప్పుడు విరగకుండా నీళ్లు చల్లడం కొన్నిచోట్ల అలవాటు. ఆ చెమ్మే కోల్డ్ స్టోరేజీలో బూజై, అఫ్లటాక్సిన్ (బూజు విషం) పరీక్షలో ఎగుమతి సరుకును తిప్పి పంపుతుంది. విరిగితే విరగనివ్వండి గానీ నీళ్లు చల్లకండి. పొద్దుటి చల్లదనానికి కాయ కాస్త మెత్తబడ్డప్పుడు తొక్కించుకుంటే చాలు.

వడగాలి ప్రకటనకు మైదానాల్లో 40, తీర కేంద్రాల్లో 37 డిగ్రీలు కనీసం దాటాలి. దానికి తోడు సాధారణం కంటే 4.5 డిగ్రీలైనా ఎక్కువ ఉండాలి. ఎక్కడైనా 45 తాకితే తేడాతో పనిలేదు. ఇవి ఐఎండీ కొలతలు. రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ మండలాల వారీగా రోజూ ఇచ్చే జాబితా కూలీల వేళలు మార్చుకోవడానికి ఇంకా అక్కరకొస్తుంది. మీ మండలం పేరు అందులో ఉన్న రోజు కోత తెల్లవారుజామున మొదలుపెట్టి 11 గంటలకు ఆపేయండి. వేసవి అంచనా గట్టిగా ఉన్న ఏడు కోల్డ్ స్టోరేజీలో చోటు మార్చిలోనే మాట్లాడుకోవాలి. మే నెలలో గుంటూరు యార్డుకు వేసవి సెలవులు రాకముందే సరుకంతా ఒక్కసారి కదులుతుంది.

మిర్చి కాని పంటలు

వరి మాగాణిలో మినుము కోసి కుప్ప వేసినవాళ్లకు కూడా పైన చెప్పిన మూడు గంటల అంచనాయే ముఖ్యం. ఎండిన కాయ మీద చినుకు పడితే గింజ రంగు మారుతుంది, చేలోనే మొలకెత్తుతుంది. మొక్కజొన్నకు వాన కంటే గాలి భయం ఎక్కువ. గాలి హెచ్చరిక ఉంటే ఆ ముందు రోజు నీరు పెట్టకండి, నేల మెత్తబడితే చేను పడిపోతుంది. గింజ ఆరిందో లేదో తెలియాలంటే పొడి గాజు సీసాలో గుప్పెడు గింజలు, చెంచా బాగా ఎండిన ఉప్పు వేసి కాసేపు ఊపండి. ఉప్పు గాజుకు అంటుకుంటే తేమ 15 శాతం పైనే ఉన్నట్టు. దుగ్గిరాల వైపు పసుపు ఉడకబెట్టేవాళ్లు ఐదు రోజుల అంచనాలో పొడి ఉన్నప్పుడే పొయ్యి వెలిగించాలి. ఉడికిన కొమ్ము మొదటి రోజుల్లో తడిస్తే మళ్లీ పాత రంగు రాదు. నూజివీడు మామిడికి వడగళ్లు, గాలి తప్ప తేలికపాటి వానతో ప్రాణాపాయం లేదు.

పిడుగు

దామిని యాప్‌లో మీరున్న చోటికి 20, 40 కిలోమీటర్ల వలయాల్లో పడుతున్న పిడుగులు కనిపిస్తాయి. 40 వలయంలోకి రాగానే కప్పడం మొదలుపెట్టండి. 20లోకి వచ్చాక పట్టా సగమే కప్పినా వదిలేసి మనుషులు పక్కా ఇంట్లోకి వెళ్లాలి. కల్లంలోని రేకుల షెడ్డు, చెట్టు కింద చోటు, ట్రాక్టరు పక్క ఇవేవీ పనికిరావు. ఆఖరి ఉరుము వినిపించాక అరగంట దాకా బయటికి రావద్దు.

తడిసిపోతే

వాన ఆగిన వెంటనే పట్టా తీయండి. రాత్రయినా సరే, ఒక వైపు ఎత్తి గాలి ఆడనివ్వాలి. లోపల ఆవిరి తిరిగి పట్టాకు పట్టి, చినుకులై కాయ మీదే పడుతుంది. తడిసిన పై పొర, కొసలు చేతితో ఏరి వేరే పట్టా మీద ఒకే పొరగా పరవండి. పొడి కాయతో కలిపేసి ‘అదే ఆరుతుందిలే’ అనుకుంటే రెండూ చెడతాయి. నేల ఆరేదాకా పాత చోట పరవకూడదు, కింది చెమ్మ పైకి లాగుతుంది. బూజు వాసన వచ్చినది ఏరి పారేయాలి, మచ్చ పడినది తాలుతోపాటు విడిగా తూకానికి పెట్టాలి. మంచి కాయలో కలిపితే కమీషన్ కొట్టులో మొత్తం లాటుకూ ఆ ధరే కడతారు.

బీమా సంగతి వాన పడకముందే కనుక్కోవాలి. ప్రధానమంత్రి ఫసల్ బీమాలో ఉన్న పంటకు, కోసి చేలో ఆరబెట్టిన 14 రోజుల దాకా అకాల వాన, వడగళ్ల నష్టం వర్తిస్తుంది. 72 గంటల్లోపు తెలియజేయాలి. వాతావరణ ఆధారిత బీమాలో ఉన్న పంటకైతే చేను చూడటానికి ఎవరూ రారు, పరిహారం వాతావరణ కేంద్రం నమోదు చేసిన అంకెలను బట్టి తేలుతుంది. మీ మిర్చి ఈ రెంటిలో దేని కింద ఉందో, ఈ-పంటలో (ప్రభుత్వ పంట నమోదులో) సర్వే నంబరు, విస్తీర్ణం సరిగా ఎక్కాయో ఫిబ్రవరిలోనే రైతు సేవా కేంద్రంలో చూసుకోండి. నష్టం జరిగిన రోజు ఫోటోల్లో తేదీ, లొకేషన్ కనిపించాలి. తడిసిన రాశి దగ్గరగా ఒకటి, కల్లం మొత్తం కనిపించేలా ఒకటి, పక్కన గుర్తుపట్టగల మైలురాయో కరెంటు స్తంభమో ఉండేలా ఒకటి తీసి పెట్టుకోండి.